ఊడాక గుద్దిందా, గుద్దాక ఊడిందా: ఒక టై రాడ్ కేసు

"స్టీరింగ్ ఫెయిలైంది సార్" అనే మాట బీమా సర్వేయర్‌గా నా పనిలో తరచూ వింటాను. చాలాసార్లు అది నిద్రమత్తుకో, ఫోనుకో, వేగానికో వేసిన ముసుగు. అందుకే ఆ మాట చెవినపడగానే బీమా కంపెనీ మనుషులు నవ్వుతారు, పోలీసులు రాసుకోరు. ఈ కేసులో ఆ మాట నిజం. నిజమని తేల్చడం ఒక ఎత్తు. తేలాక ఎవరు బాధ్యులన్నది ఇంకో ఎత్తు. రెండో ప్రశ్నకు ఒక్కో చోట ఒక్కో జవాబు వచ్చింది కాబట్టే దీన్ని రాస్తున్నాను. ఊరు, పేర్లు, బండి మోడల్, డబ్బు లెక్కలు తీసేశాను.

నేపథ్యం

కోస్తాలో ఒక చిన్న పట్టణం. యజమాని కిరాణా హోల్‌సేల్ వ్యాపారి. బండి అయిదేళ్లు దాటిన చిన్న హ్యాచ్‌బ్యాక్, మొదటి నుంచీ ఆయనదే. వారంటీ ఉన్నన్నాళ్లూ కంపెనీ సర్వీస్ సెంటర్‌కే వెళ్లింది. ఆ తర్వాత, అందరూ చేసేదే, తెలిసిన మెకానిక్ దగ్గరికి మారింది. ప్రమాదానికి కొన్ని వారాల ముందు, బండి ముందు టైర్లు లోపలి అంచున అరుగుతున్నాయని చూపిస్తే, మెకానిక్ రెండు పక్కలా టై రాడ్ ఎండ్లు (స్టీరింగ్ కదలికను చక్రానికి అందించే కడ్డీ కొసన ఉండే జాయింట్లు) మార్చాడు. అదే రోజు పక్క వీధిలో చక్రాల దిశ సరిచేసే అలైన్‌మెంట్ షాపుకు పంపాడు. బిల్లు లేదు, ఫోన్‌లో చేసిన చెల్లింపు మాత్రం ఉంది. పాత పార్టులను కొత్తవాటి అట్టపెట్టెల్లోనే పెట్టి డిక్కీలో పడేశాడు. మన దగ్గర మెకానిక్‌లకు ఈ అలవాటు ఉండడం ఎంత మేలో తర్వాత తెలుస్తుంది.

ప్రమాదం రోజు బండి నడిపింది యజమాని మేనల్లుడు. సాయంత్రం, వెలుతురు ఉంది. రోడ్డు ఎడమకు వంగే చోట బండి వంగకుండా కుడికి లాగేసింది. ఎదురొస్తున్న బైకును రాసుకుంటూ పోయి, కుడి పక్క కల్వర్టు గోడను తన కుడి ముందు మూలతో గుద్దింది. బైకు మనిషికి కాలు విరిగింది. పోలీసులు భారతీయ న్యాయ సంహిత 281, 125 సెక్షన్ల కింద డ్రైవర్ మీద కేసు రాశారు. నన్ను సర్వేయర్‌గా పంపింది బండి బీమా కంపెనీ.

నా ముందుకు వచ్చిన ప్రశ్న

క్లెయిమ్ ఫారంలో "డ్రైవర్ అదుపు తప్పి" అని ఉంది. అది ఏజెంటు రాసింది. ఏజెంట్లు ఏ క్లెయిమ్‌కైనా ఇదే వాక్యం రాస్తారు, దానితో గొడవ ఉండదని. డ్రైవర్ మాత్రం స్టీరింగ్ పోయిందంటున్నాడు. బీమా కంపెనీ అధికారి ఈ రెండూ చూసి, ఏది నిజమైనా తమకు లాభమేనన్న ధోరణిలో ఉన్నాడు. స్టీరింగ్ పోయిందంటే "మెకానికల్ బ్రేక్‌డౌన్" మినహాయింపు ఉంది. బండిని సరైన స్థితిలో ఉంచుకోవాలన్న పాలసీ షరతూ ఉంది. కాదంటే ఫారంలో ఒకటి, నోటితో ఒకటి చెప్పారని తప్పుడు వాంగ్మూలం కింద కొట్టేయొచ్చు.

డ్రైవర్‌ను నేను "స్టీరింగ్ ఎలా ఫెయిలైంది" అని అడగలేదు. అలా అడిగితే జవాబు మన నోట్లోంచే వెళ్తుంది. "ఆ మలుపు దగ్గర నీ చేతులకు ఏం తెలిసిందో చెప్పు బాబూ" అన్నాను. "స్టీరింగ్ తిరుగుతోంది సార్, కానీ సగం బండే తిరిగినట్టుంది. బ్రేకేసేసరికి కుడికి గుంజుకుపోయింది" అన్నాడు. కట్టుకథ చెప్పేవాళ్లు సాధారణంగా స్టీరింగ్ బిగుసుకుపోయిందంటారు, లేదా చేతిలోకి ఊడొచ్చిందంటారు. ఒక పక్క టై రాడ్ ఊడితే రెండో చక్రం ఇంకా స్టీరింగ్ మాట వింటూనే ఉంటుంది. ఊడిన చక్రం మాత్రం బ్రేకు పడగానే తన ఇష్టానికి తిరుగుతుంది. సగం బండే తిరిగిందన్న మాట పుస్తకం చదివి చెప్పేది కాదు. ఆ మాటతోనే నేను కేసును సీరియస్‌గా తీసుకున్నాను.

అయితే మాట సాక్ష్యం కాదు. తేలాల్సిన మొదటి సంగతి వరస. జాయింటు ఊడినందువల్ల బండి గుద్దిందా, గుద్దిన దెబ్బకు జాయింటు ఊడిందా? ఇది తేలకుండా బాధ్యత గురించి మాట్లాడితే కాలం వృథా.

పనిచేయని దారులు

మొదట ఎంవీఐ (మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్) రిపోర్టు తెప్పించుకున్నాను. ప్రమాదానికి గురైన బండిని తనిఖీ చేయడానికి మోటారు వాహనాల చట్టం 136వ సెక్షన్ అధికారం ఇస్తుంది. స్టీరింగ్ గడిలో "ప్రమాదంలో దెబ్బతిన్నందున పరీక్షించలేదు" అని ఉంది. కింద "ప్రమాదానికి యాంత్రిక లోపం కారణం కాదు" అని ఉంది. పరీక్షించనిదాన్ని లోపం కాదని ఎలా అన్నారని అడిగితే ఆయన దగ్గర జవాబు లేదు. స్టేషన్ ఆవరణలో నిలబడి, బండిని పైకి లేపే సదుపాయం లేకుండా, రోజుకు ఎన్నో బండ్లు చూసే మనిషి నుంచి అంతకన్నా ఆశించలేం. కానీ ఆ రెండో వాక్యం డ్రైవర్ మెడకు చుట్టుకుంది.

తర్వాత యజమాని తన సొంత ప్రయత్నంగా బండిని కంపెనీ సర్వీస్ సెంటర్‌కు చేర్పించి స్కానింగ్ చేయించాడు. "పవర్ స్టీరింగ్‌లో లోపం లేదు" అని ప్రింటు ఇచ్చారు. అది అబద్ధం కాదు, కానీ ఈ ప్రశ్నకు దానితో సంబంధం లేదు. ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ కంట్రోలర్‌కు తన మోటారు, తన టార్క్ సెన్సారు, తన వైరింగ్ బాగున్నాయో లేదో తెలుస్తుంది. ర్యాక్ చివర కడ్డీ చక్రానికి తగిలి ఉందో ఊడిందో దానికి తెలియదు. ఈ ప్రింటు చూపించి ఎందరు క్లెయిమ్‌లు పోగొట్టుకున్నారో అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

ఇంతలో యజమాని కుటుంబం తయారీ కంపెనీకి నోటీసు పంపాలని పట్టుబట్టింది. "పెద్ద కంపెనీ సార్, పరువు కోసమైనా ఇస్తారు" అన్నారు. నేను వద్దన్నాను. ఇది మొహమాటంతో అన్న మాట కాదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో 84వ సెక్షన్ తయారీదారుణ్ణి ఎప్పుడు బాధ్యుణ్ణి చేస్తుందో స్పష్టంగా చెబుతుంది: తయారీ లోపం, డిజైన్ లోపం, నిర్దేశించిన కొలతల నుంచి తేడా, ఇచ్చిన వారంటీకి తగినట్టు లేకపోవడం, సరైన సూచనలు, హెచ్చరికలు ఇవ్వకపోవడం. ఇక్కడ ఊడిన పార్టు ఆ కంపెనీది కాదు. బిగించింది వాళ్ల మనుషులు కాదు. ఛాసిస్ నంబరుతో వెతికితే ఆ బండికి స్టీరింగ్ మీద రీకాల్ కూడా లేదు. మోటారు వాహనాల చట్టంలో 2021 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన 110ఎ సెక్షన్ కింద ప్రభుత్వమే రీకాల్‌కు ఆదేశించగలదు. కాబట్టి ఏ స్టీరింగ్ కేసులోనైనా మొదట చూసుకోవాల్సిన విషయమే ఇది. చూశాం, లేదు. అయినా వాళ్లు నోటీసు పంపారు. బండి వారంటీ దాటిందని, బయటి పార్టు వాడారని కంపెనీ రెండు వాక్యాల్లో జవాబిచ్చింది. ఆ జవాబు సరైనదే.

ఇనుము చెప్పింది

మిగిలింది బండే. సర్వీస్ సెంటర్‌వాళ్లు అప్పటికే ఎస్టిమేట్ వేసి, ముందు భాగం విప్పడానికి సిద్ధంగా ఉన్నారు. ఆపించాను. యజమానికి, గ్యారేజీకి, అలైన్‌మెంట్ షాపుకు, బీమా కంపెనీకి రాతపూర్వకంగా తేదీ చెప్పి, వచ్చినవాళ్ల ఎదుటే బండిని లిఫ్ట్ మీదకు ఎక్కించాం. గ్యారేజీ మెకానిక్ వచ్చాడు. అతను రావడం ఇష్టం లేకపోయినా వచ్చాడని ఇక్కడ రాయాలి.

ఎడమ ముందు చక్రం దగ్గర టై రాడ్ ఎండ్ స్టడ్ (దాని మరలున్న కొస) నకిల్ (చక్రాన్ని పట్టుకునే ఇనుప భాగం) రంధ్రంలోంచి బయటికి వచ్చి వేలాడుతోంది. ఈ బండిలో స్టడ్ పైనుంచి దిగుతుంది, నట్ కింద పడుతుంది. గాడులున్న నట్, అది తిరిగి ఊడకుండా దాని గుండా కాటర్ పిన్. నట్ లేదు, పిన్ లేదు. గ్యారేజీవాళ్ల వాదన అక్కడికక్కడే మొదలైంది: "గోడను గుద్దిన దెబ్బకు ఊడిపోయింది సార్."

గుద్దిన దెబ్బకు ఊడితే మూడింటిలో ఒకటి కనిపించాలి. స్టడ్ విరగాలి, లేదా వంగాలి, లేదా నట్‌ను లాక్కుంటూ మరలు చెరిగిపోవాలి. స్టడ్ నిటారుగా ఉంది. మరలు పూర్తిగా ఉన్నాయి. ఒక పక్క కొసలు మాత్రం నలిగాయి, దేనికో రుద్దుకున్నట్టు. నకిల్‌లోని కోను రంధ్రం గుండ్రంగా లేదు, కోలగా సాగింది. దాని గోడల మీద ఎర్రటి గోధుమరంగు పొడి పేరుకుని ఉంది. రెండు ఇనుప ముఖాలు ఒకదానిమీద ఒకటి చిన్నచిన్నగా కదులుతూ రాసుకుంటే పుట్టే పొడి అది. ఒక్క దెబ్బకు రాదు. కోలగా సాగడమూ ఒక్క దెబ్బకు జరగదు. ఆ జాయింటు చాలా దూరం వదులుగా తిరిగింది.

రెండో సంగతి ఇంతకన్నా సూటిగా ఉంది. బండి గుద్దింది కుడి మూలతో. కుడి చక్రం రిమ్ పగిలింది, కుడి టై రాడ్ వంగింది, అయినా కుడి జాయింటు ఊడలేదు. ఎడమ రిమ్ మీద గీత కూడా లేదు, ఊడింది అది. దెబ్బ తిన్నది నిలిచి, దెబ్బ తగలనిది ఊడితే, ఊడడానికి దెబ్బ కారణం కాదు.

కుడి జాయింటును కూడా చూడమన్నాను. ఎడమన ఏం చేశారో చెప్పగల ఏకైక సాక్షి అదే, ఎందుకంటే రెండూ ఒకే రోజు ఒకే చేయి బిగించినవి. కుడి నట్ ఉంది. చేత్తో పట్టుకుంటే తిరిగింది. పిన్ లేదు. స్టడ్‌లో పిన్ దూరే రంధ్రం అంచున ఫ్యాక్టరీ నల్ల పూత చెక్కుచెదరలేదు. పిన్ ఒక్కసారి దూరినా అక్కడ గీత పడుతుంది. ఎడమ స్టడ్ రంధ్రం కూడా అలాగే ఉంది. పిన్ ఊడిపోలేదు. అసలు పెట్టలేదు.

"ఈ మోడల్‌కి పిన్ ఉండదు సార్" అన్నాడు మెకానిక్. డిక్కీలోని అట్టపెట్టెలు తెప్పించాను. అతనే విప్పి పడేసిన పాత టై రాడ్ ఎండ్లు. రెండింటి నట్లలోనూ తెగిన కాటర్ పిన్ ముక్కలు అలాగే ఉన్నాయి. ఆ తర్వాత అతను మాట్లాడలేదు.

ఇంకో రెండు ఆధారాలు బయటి నుంచి వచ్చాయి. దారిన పోయే ఒకాయన క్రేన్ రాకముందే తీసిన ఫోటోలో రెండు ముందు చక్రాలు రెండు వేర్వేరు దిక్కులకు చూస్తున్నాయి. గోడకు చాలా ముందే రోడ్డు మీద ఒకే టైరు అడ్డంగా రాసుకున్న నల్లచార మొదలైంది. దీంతో యార్డులో ఎవరో నట్ తీసేశారన్న తర్వాతి వాదన నిలవలేదు. రెండోది యజమాని ఫోన్‌లో ఉంది. ప్రమాదానికి ముందు ఆయన మెకానిక్‌కు పంపిన వాయిస్ మెసేజ్: "అన్నా, గుంటల్లో టక్కుటక్కుమంటోంది, స్టీరింగ్ కూడా నిటారుగా లేదు." జవాబు: "కొత్త పార్టు కదన్నా, నాలుగు రోజులు తిరిగితే సెట్ అయిపోద్ది."

కొత్త టై రాడ్ ఎండ్ చప్పుడు చేయదు. తిరిగితే సెట్ అయ్యే జాయింటు స్టీరింగ్‌లో లేదు.

నట్ పోయాక కూడా బండి అంత దూరం ఎలా తిరిగిందని చాలామంది అడిగారు. కోను ఆకారపు స్టడ్ తన రంధ్రంలో బిగుసుకుని, నట్ లేకపోయినా కొంతకాలం పట్టుకుని ఉంటుంది. పైగా ఇక్కడ స్టడ్ పైనుంచి దిగింది కాబట్టి బరువు కూడా దాన్ని లోపలికే తోసింది. వదులయ్యే కొద్దీ రంధ్రం సాగుతుంది, చివరికి ఒక గుంట దగ్గర ఎగిరి బయటపడుతుంది.

రెండు స్టడ్‌లు, ఎడమ నకిల్, పాత పార్టులు అందరి సంతకాలతో సీల్ చేశాం. మొదట బీమా కంపెనీ ఒక ప్రైవేటు ల్యాబ్‌కు పంపుదామంది. గ్యారేజీ తరఫు లాయరు ఒప్పుకోలేదు, ఒక పక్షం డబ్బు కట్టిన రిపోర్టు తమకు వద్దన్నాడు. అది న్యాయమైన అభ్యంతరమే. యజమాని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేశాక, వినియోగదారుల చట్టం 38వ సెక్షన్ కింద కమిషనే సీల్ చేసిన వస్తువులను ల్యాబ్‌కు పంపించింది. ఆ సెక్షన్ ప్రకారం ల్యాబ్ 45 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి. కొంచెం ఆలస్యమైనా వచ్చింది. నేను లిఫ్ట్ కింద చూసిందాన్నే వాళ్లు సూక్ష్మదర్శిని కింద చూసి ధ్రువీకరించారు. విరుగు లేదు, లోహంలో లోపం లేదు, దీర్ఘకాలపు రాపిడి ఉంది. లోహంలో లోపం లేదన్న వాక్యం వల్ల టై రాడ్ ఎండ్ తయారు చేసిన కంపెనీ కూడా బాధ్యత నుంచి బయటపడింది.

ఒక నట్టు, నాలుగు జవాబులు

బీమా. మినహాయింపు "మెకానికల్ బ్రేక్‌డౌన్" వల్ల పోయిన భాగానికి వర్తిస్తుంది. దాని తర్వాత గోడను గుద్దడం ప్రమాదమే, దాని నష్టం ప్రమాద నష్టమే. కాబట్టి టై రాడ్ ఎండ్, సాగిన ఎడమ నకిల్ ధర తీసేసి, మిగతా నష్టాన్ని తరుగుదల లెక్కతో సిఫారసు చేశాను. సరైన స్థితిలో ఉంచుకోలేదన్న షరతు మీద కంపెనీ గట్టిగానే వాదించింది. పాలసీ కోరేది సహేతుకమైన జాగ్రత్త. చప్పుడు విని మెకానిక్‌ను అడిగిన మనిషి, ఏం కాదన్న హామీ పొందిన మనిషి ఇంకేం చేయాలి? బండి కిందికి దూరి తానే నట్ చూసుకోవాలా? క్లెయిమ్ చెల్లించారు.

బైకు మనిషి. ఇక్కడ బీమా కంపెనీ లాయరు నా రిపోర్టును మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో కవచంగా వాడదామనుకున్నాడు: తప్పు యంత్రానిది, డ్రైవర్‌ది కాదు కాబట్టి పరిహారం లేదు. ఆ వాదన నిలవదని చెప్పాను. 1977లో మిను బి. మెహతా కేసులో సుప్రీంకోర్టు చెప్పిన ప్రకారం, యాంత్రిక లోపం అని తప్పించుకోవాలనుకునే యజమాని ఆ లోపం సహేతుకమైన జాగ్రత్తతో కూడా బయటపడనిదని తానే నిరూపించాలి. పెట్టని పిన్ దాగి ఉన్న లోపం కాదు, కింద నుంచి చూస్తే కనిపిస్తుంది. యజమాని డబ్బిచ్చి చేయించుకున్న పనిలోని నిర్లక్ష్యానికి, రోడ్డు మీద కాలు విరిగిన మూడో మనిషి బలి కాకూడదు. యజమానికి బీమా విషయంలో నేను అన్నదానికీ దీనికీ వైరుధ్యం ఉన్నట్టు కనిపిస్తుంది. లేదు. అక్కడ ప్రశ్న ఆయన పాలసీ షరతు తప్పాడా అన్నది, ఇక్కడ ప్రశ్న ఆయన బండి వల్ల కలిగిన నష్టం ఎవరు మొయ్యాలన్నది. పైగా మోటారు వాహనాల చట్టం 164వ సెక్షన్ కింద తీవ్ర గాయానికి 2.5 లక్షలు తప్పు నిరూపించకుండానే వస్తాయి. చివరికి లోక్ అదాలత్‌లో రాజీ అయింది.

గ్యారేజీ. వినియోగదారుల చట్టం 85వ సెక్షన్ కింద సేవ చేసినవాడి బాధ్యత, లోపభూయిష్టమైన పని వల్ల వచ్చిన హానికి. బిల్లు లేకపోవడం అతనికి ఉపయోగపడలేదు. చెల్లింపు, వాయిస్ మెసేజ్, పాత పార్టులు బిల్లు పని చేశాయి. ల్యాబ్ రిపోర్టు వచ్చాక కమిషన్ మధ్యవర్తిత్వానికి పంపితే అక్కడ ఒప్పందమైంది. తాను చెల్లించిన మొత్తం రాబట్టుకోవడానికి బీమా కంపెనీ కూడా సబ్రొగేషన్ లేఖ (యజమాని తన హక్కును కంపెనీకి బదలాయించే పత్రం) తీసుకుని యజమానితో కలిసి ఫిర్యాదులో ఉంది. అలా కలవొచ్చని 2010లో చరణ్ స్పిన్నింగ్ మిల్స్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. గ్యారేజీ స్తోమత చిన్నది, వాయిదాల మీద ఒప్పుకున్నారు.

డ్రైవర్. అందరికన్నా తక్కువ తప్పున్నవాడికి అందరికన్నా ఎక్కువ ఆలస్యం. ల్యాబ్ రిపోర్టు వచ్చేసరికి ఎంవీఐ వాక్యం ఆధారంగా ఛార్జిషీటు వెళ్లిపోయింది. మా రిపోర్టు ఇప్పుడు డిఫెన్స్ సాక్ష్యంగా కోర్టులో ఉంది, కేసు నడుస్తోంది.

నేర్చుకున్నవి, తేలనిది

ఇలాంటి కేసు మీ దగ్గరికి వస్తే క్రేన్ రాకముందు తీయాల్సిన ఫోటోలు మూడు: ముందు చక్రాలు ఏ దిక్కుకు చూస్తున్నాయో, రోడ్డు మీద టైరు చార ఎక్కడ మొదలైందో, బండి కింద రెండు టై రాడ్ చివరలు. ఏ సర్వేయరూ ఘటనా స్థలానికి అంత త్వరగా చేరడు, కాబట్టి ఇది బండిలో ఉన్నవాళ్లు చేయాల్సిన పని. బండిని విప్పనివ్వకూడదు. విప్పితే అందరి ఎదుటే విప్పాలి. ఊడిన పక్క కంటే ఊడని పక్కను ఎక్కువసేపు చూడాలి. మెకానిక్‌తో ఫోన్‌లో మాట్లాడేకన్నా మెసేజ్ పెట్టడం మేలు. పాత పార్టులు ఇంటికి తెచ్చుకోవాలి. వినియోగదారుల ఫిర్యాదుకు గడువు రెండేళ్లు, బీమా జవాబు కోసం ఎదురుచూస్తూ దాన్ని దాటించుకున్నవాళ్లను చూశాను.

ఒక్క ప్రశ్న మాత్రం ఒప్పందం వల్ల తేలకుండా మిగిలింది. అలైన్‌మెంట్ షాపు. గ్యారేజీ మొదట నింద వేసింది వాళ్ల మీదే: "మా తర్వాత విప్పింది వాళ్లు." అది తప్పు. టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కొలత) సరిచేయడానికి విప్పేది కడ్డీ మీద ఉండే లాక్ నట్‌ను, స్టడ్ నట్‌ను కాదు. వాళ్ల ప్రింటులోని రీడింగులు కూడా ఆ రోజు జాయింటు బిగువుగానే ఉందని చెబుతున్నాయి. కానీ లాక్ నట్‌కు, పిన్ లేని ఆ నట్‌కు మధ్య జానెడు దూరం. గుంతలో నిలబడి పైకి చూస్తూ పనిచేసే కుర్రాడికి రెండు పక్కలా అది కళ్లెదుటే ఉంది. అలైన్‌మెంట్‌కు ముందు జాయింట్లు చూడడం ఆ పనిలో భాగమేనని బీమా కంపెనీ లాయరు అంటాడు. వాళ్లూ 85వ సెక్షన్ కిందకు వస్తారని ఆయన వాదన. నా లెక్కలో వదులు ఉందో లేదో చూడడం వాళ్ల పని, ఆ రోజు వదులు లేదు. వేరొకరు ఆ ఉదయమే బిగించిన పనిని తనిఖీ చేయమని ఎవరూ వాళ్లకు డబ్బివ్వలేదు. మేమిద్దరం ఇంకా ఒక మాట మీదకు రాలేదు.